రొయ్యకు పరీక్ష ఉంది, కాపలా మనిషికి లేదు

నెల్లూరు తీరంలో రొయ్యల గుంటల గట్టు మీద ఒక గది ఉంటుంది. పైన సిమెంటు రేకు, కింద మట్టి నేల. ఒక మూల మేత బస్తాలు. వాటి పక్కన సున్నం, బ్లీచింగ్ పౌడర్ సంచులు. సగం వాడి మూతి మడిచిన యూరియా కట్ట. ప్లాస్టిక్ డబ్బాల్లో రకరకాల మందులు. ఇంజను కోసం డీజిల్ క్యాన్. మిగిలిన జాగాలో పొయ్యి, నాలుగు గిన్నెలు, దండెం మీద బట్టలు, ఒక చాప. ఆ చాప మీద కాపలా కుటుంబం పడుకుంటుంది. చాలా గుంటల మీద ఆ కుటుంబం యానాదులదే.

ఎరువులు, మందులు ఎలా దాచాలో చెప్పే కరపత్రాలు మనందరం చూసినవే. తినే వస్తువులకు దూరంగా పెట్టండి. పిల్లలకు అందకుండా తాళం వేయండి. గాలి ఆడే పొడి గదిలో ఉంచండి. పని అయ్యాక సబ్బుతో స్నానం చేయండి. వీటిలో ఒక్క మాట కూడా తప్పు కాదు. కానీ ఆ షెడ్డుకు తాళం వేస్తే కుటుంబం లోపల ఉండాలా, బయట ఉండాలా? ఈ ప్రశ్న ఏ కరపత్రంలోనూ ఉండదు. ఇల్లు ఒకటి, గోదాము ఒకటి ఉన్న ఆసామిని దృష్టిలో పెట్టుకుని రాసిన జాగ్రత్తలవి. ఉన్న ఒక్క గదీ తనది కాని మనిషి సంగతేమిటన్నదే మన ప్రశ్న.

ఆ గదిలో ఎవరున్నారు

2011 జనాభా లెక్కల నాటి ఉమ్మడి నెల్లూరు జిల్లాలో ఐదో వంతుకు పైగా దళితులు. గిరిజనులు పదో వంతుకు దగ్గర. ఆ గిరిజనుల్లో అత్యధికులు యానాదులు. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, విడవలూరు, అల్లూరు మండలాల మీదుగా, కండలేరు క్రీక్ వెంట, బకింగ్‌హామ్ కాలువ వెంట రొయ్యల గుంటలు తవ్వుకుంటూ వచ్చారు. ఒకప్పుడు అక్కడి కాలువల్లో, మడుగుల్లో చేపలు పట్టుకుని బతికిన యానాదులే ఇప్పుడు ఆ గుంటలకు కాపలా మనుషులు.

కాపలా అంటే రాత్రి టార్చిలైటు పట్టుకుని తిరగడం ఒక్కటే అనుకోకూడదు. మేత వేయడం, సున్నం చల్లడం, బ్లీచింగ్ కలపడం, మందు పోయడం, పట్టుబడి రోజు నీళ్లలోకి దిగడం అన్నీ అందులోనే. చాలా చోట్ల ముందుగా అడ్వాన్సు ఇస్తారు. అది తీరేదాకా గట్టు దిగడానికి లేదు. అప్పు చూపించి మనిషిని కదలకుండా కట్టేయడాన్ని 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం నేరంగా చెప్పింది. కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి చేయించుకునే పని కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయేనని 1982లో ఆసియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి గుంట మీద రసాయనాల భద్రత గురించి మాట్లాడాలంటే ముందు ఆ అడ్వాన్సు గురించి మాట్లాడాలి. గట్టు దిగే స్వేచ్ఛ లేని మనిషికి, ఘాటు వాసన వచ్చినప్పుడు బయటికి పరిగెత్తే స్వేచ్ఛ కూడా సగమే ఉంటుంది. వదిలి వెళితే, సరుకు పోతే, అదీ అతని బాకీలో కలుస్తుంది.

గుంటలు దాటి పెన్నా డెల్టా వరి మడుల్లోకి వస్తే మనుషులు మారతారు. ఇక్కడ మాల, మాదిగ వాడల కూలీలు. యూరియా ఒక్కటే చల్లితే చేతులు మండుతాయి, పగుళ్లున్న చోట కరుస్తుంది, అంతే. కానీ కాండం తొలిచే పురుగు కోసం గుళికలను యూరియాలోనో ఇసుకలోనో కలిపి, ఒట్టి చేతులతో చల్లించే అలవాటు వరి పండే ప్రతి చోటా ఉంది. అలా వాడిన గుళికల్లో ఫోరేట్‌ను కేంద్రం 2020 డిసెంబరు 31తో నిషేధించింది. కార్బోఫ్యురాన్‌లో 3 శాతం గుళికలు మాత్రం ఇంకా అనుమతిలో ఉన్నాయి. తట్టలో ఉన్నది ఎరువేనని కూలీ మనిషి అనుకుంటుంది. ఆ తట్టలో ఏం కలిసిందో కలిపినవాడికి తెలుసు. మధ్యాహ్నం సద్దన్నం తినే చేయి కూడా అదే.

ఇక ఖాళీ సంచులు. వాటిని విప్పి కుట్టి పట్టలు చేస్తారు. గుడిసెకు అడ్డం కడతారు, పిల్లల కింద పరుస్తారు, వానలో నెత్తిన కప్పుకుంటారు. ఖాళీ డబ్బాలు నీళ్లకు, నూనెకు పనికొస్తాయి. ఆసామి దృష్టిలో అది చెత్త. వాడలో అది సామాను.

ఏది దేని పక్కన ఉంది

యూరియా దానంతట అదే పేలదు, మనిషిని అక్కడికక్కడే చంపదు. అందుకే దాన్ని ఎవరూ ప్రమాదంగా చూడరు. ప్రమాదం ఎక్కువగా దాని పక్కన పెట్టిన వస్తువుతో వస్తుంది. రొయ్యల షెడ్డులో ఆ పక్క వస్తువులన్నీ ఉంటాయి.

గుంటలో నీటిని శుద్ధి చేయడానికి బ్లీచింగ్ వాడతారు. నీటిలో రొయ్యకు పనికొచ్చే నాచు పెరగడానికి యూరియా, డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్ లాంటివి వేస్తారు. బ్లీచింగ్, యూరియా తడిలో కలిస్తే నైట్రోజన్ ట్రైక్లోరైడ్ పుడుతుంది. అది పేలే గుణమున్న పదార్థం. డీఏపీ లాంటి అమ్మోనియా ఎరువు మీద తడి సున్నం పడితే అమ్మోనియా వాయువు లేస్తుంది, కళ్లు, గొంతు మండిపోతాయి. ఘాటు ఎక్కువున్న బ్లీచింగ్ రకం తాను మండదు గానీ పక్కనున్న దాన్ని మండిస్తుంది. దాని మీద డీజిల్ ఒలికితే నిప్పు పెట్టకుండానే అంటుకోవచ్చు. బ్లీచింగ్ సంచి ఎండకు కాగినా, తడిసినా, ఆమ్లం తగిలినా క్లోరిన్ వదులుతుంది.

ఆ క్లోరిన్ గాలికన్నా రెండున్నర రెట్లు బరువు. పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. మంచం మీద పడుకున్నవాడి కన్నా నేల మీద చాప వేసుకున్నవాళ్లకు ముందు తగులుతుంది. అందరికన్నా ముందు చాప మీద పసిబిడ్డకు తగులుతుంది. ఎవరు ఎక్కడ పడుకోవాలో మన సమాజం నిర్ణయించింది. వాయువు ఆ నిర్ణయాన్ని అమలు చేస్తుంది.

ఈ తీరానికి తుపానులు కొత్త కాదు. 2021 నవంబరులో పెన్నా వరద వచ్చింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చింది. అలాంటి రోజుల్లో మనుషులను పునరావాస కేంద్రాలకు తరలిస్తారు. షెడ్డులోని సంచులను ఎవరూ తరలించరు. వాన తగ్గాక తడిసి ముద్దయిన సరుకు మధ్యకు అదే కుటుంబం తిరిగి వెళ్లి, దాన్ని చేతులతో ఎత్తి పోస్తుంది. విపత్తు నిర్వహణ ప్రణాళికలో ఆ గంట ఎక్కడా ఉండదు.

టన్నులు కనిపిస్తాయి, కట్టలు కనిపించవు

2020 ఆగస్టు 4న బీరుట్ ఓడరేవులో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలి 200 మందికి పైగా చనిపోయారు. ఆ వార్త వచ్చిన కొద్ది రోజుల్లోనే చెన్నై మణలిలో 2015 నుంచి ఉన్న సుమారు 700 టన్నుల అదే సరుకును అధికారులు హైదరాబాద్‌కు తరలించారు. మన దేశంలో ఆ రసాయనానికి 2012 నాటి ప్రత్యేక నియమావళి ఉంది. లైసెన్సు, గోదాము కొలతలు, రిజిస్టరు అన్నీ అందులో ఉన్నాయి. అంతకు మూడు నెలల ముందు, 2020 మే 7న, విశాఖపట్నం ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు. అది కూడా నిల్వలో వచ్చిన ప్రమాదమే. లాక్‌డౌన్‌లో ట్యాంకు వేడెక్కుతుంటే పట్టించుకోకపోవడం వల్ల జరిగింది.

ఇవన్నీ పట్టించుకోవలసినవే. కృష్ణపట్నం రేవుకు దిగుమతి ఎరువులు కూడా వస్తాయి కాబట్టి మన తీరానికీ అవి వర్తిస్తాయి. కానీ ఒకటి గమనించాలి. ఒకే చోట వందల టన్నులు ఉంటే ప్రభుత్వానికి అది ప్రమాదం. అదే సరుకు రెండేసి, మూడేసి కట్టలుగా వేల షెడ్లలో, వేల గుడిసెల్లో ఉంటే అది ఎవరి లెక్కలోకీ రాదు. ఒక్కసారి పేలితే వార్త. ఏడాది పొడవునా ఒక్కొక్కరే ఆసుపత్రికి పోతే వార్త కాదు. చాలాసార్లు ఆసుపత్రి చీటీలో కూడా ఏ రసాయనమో ఉండదు.

చట్టం ఎక్కడిదాకా వచ్చి ఆగింది

పురుగుమందుల చట్టం 1968లో వచ్చింది, దాని నిబంధనలు 1971లో. ఆ నిబంధనలు చదివితే ఆశ్చర్యమేస్తుంది. మందులు వేరే గదిలో గానీ, తాళం వేసిన బీరువాలో గానీ ఉండాలి. ఆ గది పొడిగా, వెలుతురు, గాలి వచ్చేలా ఉండాలి. మందులతో పనిచేసేవాళ్లకు పనిలో పెట్టుకునే ముందు, ఆ తర్వాత మూడు నెలలకోసారి వైద్య పరీక్ష చేయించాలి. రక్షణ దుస్తులు, ముసుగు ఇవ్వాలి. విరుగుడు మందులు దగ్గర ఉంచాలి. శిక్షణ ఇవ్వాలి. ఖాళీ డబ్బాలను మళ్లీ వాడకుండా పగలగొట్టి, ఊరికి దూరంగా పూడ్చాలి. యాభై ఏళ్లకు పైగా ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. తనిఖీ మాత్రం సాధారణంగా దుకాణం దగ్గర ఆగిపోతుంది. నకిలీ మందు పట్టుకోవడం రైతుకు నష్టం రాకుండా చూసే పని. మందు చల్లే మనిషి ఒంటికి నష్టం రాకుండా చూసే పని ఎవరిదీ కాదు.

ఎరువులకు 1985 నాటి నియంత్రణ ఉత్తర్వు ఉంది. దాని చూపంతా ధర, నాణ్యత, లైసెన్సుల మీదే. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ సాధారణంగా పది మంది, అంతకు పైన పనిచేసే చోట్లకే వర్తిస్తుంది. గుంట మీద ఉండేది ఒక మొగుడు, ఒక పెళ్లాం, వాళ్ల పిల్లలు. పెద్ద పారిశ్రామిక ప్రమాదాల నివారణపై ఐఎల్ఓ 174వ ఒడంబడికను మన దేశం 2008లో ఆమోదించింది. వ్యవసాయంలో భద్రత గురించిన 184వ ఒడంబడికను ఆమోదించలేదు. ఏ పని ఎవరు చేస్తారో తెలిసిన దేశంలో ఈ తేడా ఊరికే వచ్చిందనుకోలేం.

రొయ్యల విషయానికి వస్తే ఇంకో చరిత్ర ఉంది. 1996 డిసెంబరు 11న ఎస్. జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలిలోని రొయ్యల గుంటలను తొలగించమంది. మూతపడే గుంటల్లోని కార్మికులకు చట్టప్రకారం వచ్చే పరిహారంతో పాటు ఆరేళ్ల జీతం అదనంగా ఇవ్వమంది. అంటే గుంట మీద కార్మికుడనేవాడు ఒకడున్నాడని కోర్టు గుర్తించింది. 2005లో వచ్చిన తీర జలసాగు ప్రాధికార సంస్థ చట్టం గుంటలను రిజిస్ట్రేషన్ పేరిట నిలబెట్టింది. 2023 సవరణ ఆ చట్టంలోని జైలు శిక్షను తీసేసి జరిమానాలతో సరిపెట్టింది. ఈ ప్రయాణంలో కార్మికుడు మళ్లీ మాయమయ్యాడు.

రొయ్య మాత్రం మాయం కాలేదు. యూరప్‌కు వెళ్లే రొయ్యకు పట్టుబడికి ముందే యాంటీబయాటిక్ అవశేషాల పరీక్ష ఉంది. ఎగుమతి రొయ్య ఒంట్లో ఏం చేరిందో చూడడానికి ల్యాబులున్నాయి, ధ్రువపత్రాలున్నాయి. అదే గుంటలో, అవే రసాయనాల మధ్య, అదే నీళ్లలో నిలబడ్డ మనిషి ఒంట్లో ఏం చేరిందో చూడడానికి ఏమీ లేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఎగుమతిదారుల నష్టం, రైతుల నష్టం గురించి రోజూ చర్చ జరిగింది. ధర పడినప్పుడు ముందుగా తగ్గేది కాపలా మనిషి జీతం, ముందుగా ఆగేది చేతి తొడుగులు. ఆ మాట చర్చలోకి రాలేదు.

అవగాహన లేకనా?

ఇలాంటి మాట ఎత్తగానే ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: వాళ్లకు అవగాహన లేదు, చెప్పినా వినరు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయినప్పుడు కూడా, ముసుగులు వేసుకోలేదని చనిపోయినవాళ్లనే తప్పుబట్టినవాళ్లున్నారు. మే నెల ఎండలో, ఉప్పు గాలిలో, రబ్బరు కోటు వేసుకుని అరగంట పంపు మోసి చూడమని ఆ సలహా ఇచ్చేవాళ్లను అడగాలి. ఒంటికి పట్టని రక్షణ దుస్తులు ఇచ్చి, వేసుకోలేదని నేరం మోపడం సులువు. అంత విషం ఉన్న మందును అమ్మకం నుంచి తీసేయడం కష్టం. మోనోక్రోటోఫాస్ సంగతి అదే. 2013 జూలై 16న బీహార్‌లోని గండామన్ గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో ఆ మందు ఉంది. దాని 36 శాతం ద్రావణాన్ని నిషేధిస్తూ కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది 2023 అక్టోబరులో. మధ్యలో పదేళ్లు గడిచాయి. అవగాహన ఎవరికి లేదు?

2025 ఖరీఫ్‌లో యూరియా కోసం రెండు తెలుగు రాష్ట్రాల్లో క్యూలు కట్టారు. చెప్పులు, పాస్‌బుక్కులు వరుసలో పెట్టి నిలబడ్డారు. మళ్లీ దొరుకుతుందో లేదోనన్న భయంతో దొరికినప్పుడే రెండు కట్టలు ఎక్కువ తెచ్చి ఇంట్లో పెట్టుకున్నారు. పొలం పేరు మీద లేని, పంట సాగుదారు హక్కు పత్రం అందని కౌలుదారుకు ఈ భయం ఇంకా ఎక్కువ. దళిత కౌలుదారుకు గోదాము ఉండదు. 45 కిలోల కట్ట ఇంటి మధ్య గదిలో, బియ్యం డబ్బా పక్కనే ఉంటుంది. పంపిణీ సక్రమంగా లేకపోతే ప్రమాదం ఇంట్లోకి వస్తుంది. దీన్ని అవగాహన సదస్సుతో ఆపలేం.

మనం ఏం అడగాలి

గుంట రిజిస్ట్రేషన్‌కు, రెన్యువల్‌కు రెండు షరతులు చేర్చాలి: రసాయనాలకు తాళం ఉన్న వేరే షెడ్డు, కాపలా కుటుంబానికి దానికి దూరంగా వేరే ఇల్లు. రొయ్య నాణ్యత కోసం ఇన్ని షరతులు పెట్టగలిగిన వ్యవస్థకు ఇది పెద్ద పని కాదు.

రైతు సేవా కేంద్రాల్లో కౌలుదారులు, చిన్న రైతులు తమ కట్టలు దాచుకునే ఉమ్మడి గది కావాలి. వాడలోనే, వాడవాళ్ల చేతిలోనే దాని తాళం ఉండాలి. ఊరి పెద్ద ఇంట్లో ఉంటే అది మళ్లీ ఆయన దయ అవుతుంది.

1971 నిబంధనల్లోని మూడు నెలల వైద్య పరీక్షను తీర మండలాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మొదలుపెట్టాలి. అక్కడ అట్రోపిన్ ఎప్పుడూ నిల్వ ఉండాలి. వచ్చిన ప్రతి కేసులో రసాయనం పేరు, చేసిన పని, యజమాని పేరు నమోదు కావాలి. ఆ చీటీ లేకుండా పరిహారం కోసం ఎక్కడా నిలబడలేం.

చేతిలో ఉన్న చట్టాలను వాడాలి. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం ఎస్సీ, ఎస్టీల చేత వెట్టి చేయించడం, వాళ్ల నివాసాల్లో హానికర వ్యర్థాలు పడేయడం, వాళ్లు వాడుకునే నీటిని పాడుచేయడం అత్యాచార నిరోధక చట్టం కింద నేరాలు. ఖాళీ డబ్బాలు, పాడైన సరుకు వాడ పక్కన పారబోసినప్పుడు పంచాయతీకి అర్జీ పెట్టి ఊరుకోకుండా ఈ సెక్షన్లను గుర్తు చేయాలి. అడ్వాన్సు కట్టు ఉన్న చోట విడుదల పత్రం కోసం ఆర్డీవో దగ్గరికి వెళ్లాలి.

ఈ డిమాండ్లు నెరవేరేదాకా ప్రాణాలు ఆగవు కాబట్టి, ఇప్పుడే చెప్పుకోవలసినవి కొన్ని ఉన్నాయి. బ్లీచింగ్‌ను యూరియా, డీజిల్ పక్కన పెట్టనివ్వకండి, మధ్యలో గోడ లేకపోతే కనీసం షెడ్డుకు చెరో కొసన చెక్క మీద పెట్టించండి. సున్నాన్ని డీఏపీకి దూరంగా ఉంచండి. ఘాటు వాసన వస్తే గాలి వచ్చే వైపుకు, ఎత్తున్న గట్టు మీదికి పోవాలి, సరుకు కోసం ఆగొద్దు. సున్నం కంట్లో పడితే కనీసం పావుగంట నీళ్లు పోస్తూనే ఉండాలి. మందు కొట్టిన మనిషికి చొంగ కారడం, విపరీతంగా చెమట, కంటిపాప చిన్నదవడం, కండరాలు అదరడం కనిపిస్తే బట్టలు తీసి సబ్బునీళ్లతో కడిగి, 108కి ఫోన్ చేయాలి. వాంతి చేయించొద్దు. డబ్బా మీది లేబుల్‌ను డాక్టరుకు చూపించాలి. లేబుల్ మీద ఎర్ర త్రికోణం ఉంటే అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ.

విద్యార్థి మిత్రులకు ఒక పని. సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు మీ మండలంలో పది షెడ్లు చూడండి. నాలుగు ప్రశ్నలు అడగండి: ఏయే సరుకు ఉంది, ఎంత ఉంది, అందులో ఎవరు పడుకుంటున్నారు, వాళ్లకు అడ్వాన్సు ఎంత. పేర్లు రాయొద్దు, పేరు బయటపడితే వాళ్ల బతుకు పోతుంది. పది మండలాల్లో పదేసి షెడ్లంటే వంద. ఆ వంద కాగితాలు కలెక్టరు ముందు పెడితే, లెక్కలు లేవన్న జవాబు ఇక చెల్లదు.

షెడ్డులో సంచులు ఉండాలా, మనుషులు ఉండాలా అన్నదే అసలు తగవు. రెండూ ఒకే గదిలో ఉన్నంత కాలం ఎన్ని కరపత్రాలు పంచినా ఆ గదికి తాళం పడదు.